గిడుగు బడిలో కంప్యూటరు

(గిడుగు వెంకట రామమూర్తి స్మారక ఉపన్యాస పాఠం)

కంప్యూటర్లో తెలుగు ఫాంటుల జాబితా తెరిస్తే పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అన్న పేర్ల మధ్య గిడుగు అన్న పేరు కూడా కనబడుతుంది. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన యూనికోడ్ ఫాంటుల్లో అదొకటి. ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. ప్రబంధాల భాషే ప్రమాణం అన్నవాళ్లతో జన్మంతా తగువాడిన మనిషికి చివరికి ప్రబంధకవుల పంక్తిలోనే పీట వేశారు. ఆయన చూసి ఉంటే నవ్వుకునేవారు.

నిజానికి కంప్యూటరుతో గిడుగుకున్న చుట్టరికం ఈ ఫాంటు దగ్గర మొదలైంది కాదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన ఈయన మొదట చేపట్టింది తెలుగు కాదు, సవర. లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఉన్నది మనుషుల నోట్లో మాట ఒక్కటే. విన్నది విన్నట్టు రాసుకోవడం, రాసుకున్నవాటిని పక్కపక్కన పెట్టి చూడడం, ఏ ప్రత్యయం ఎక్కడ వస్తోందో గుర్తుపట్టడం, మళ్లీ సవరల దగ్గరికి వెళ్లి సరిచూసుకోవడం: ఆయన పని అంతా ఇదే. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి.

తెలుగు విషయంలో కూడా ఆయన అదే దారి పట్టారు. గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టిన పండితులకు ఆయన సిద్ధాంతంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. వాళ్లు రాసిన పుస్తకాలే తెరిచి, వాళ్ల వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలు వాళ్ల వాక్యాల్లోనే ఎన్ని ఉన్నాయో ఏరి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ ఆ ఏరివేత పుస్తకమే. ఏది ఒప్పో ఏది తప్పో ముందే తీర్పు చెప్పేయకుండా ముందు పోగుచేసి, లెక్కచూసి, ఆ తర్వాతే నోరు విప్పడం ఆయన పద్ధతి. ఇవాళ అలా పోగుచేసిన భాషా సామగ్రిని కార్పస్ అంటున్నారు, దాన్ని కంప్యూటరు క్షణంలో గాలిస్తుంది. గిడుగు కళ్లతో గాలించారు.

తెలుగు నేర్పడంలో కంప్యూటరు చేయగల పెద్ద పని కూడా ఇదే. విచిత్రంగా, మన బడుల్లో దాని చేత చేయించనిది కూడా ఇదే.

చేయించిన పనులు లేకపోలేదు. 2017 సెప్టెంబరు 5న కేంద్రం డిజిటల్ పాఠాల కోసం ‘దీక్ష’ వేదిక తెచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చయ్యాయి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ పిల్లలు దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు విన్నారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. ఇవన్నీ అవసరమైనవే. బడి మూతపడ్డ రోజుల్లో ఆ టీవీ పాఠం కూడా లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అయితే ఇవి పాఠాన్ని మోసే బండ్లు. బండి మారింది గానీ అందులో వేసిన సరుకు మాత్రం అదే. పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం, ఖాళీలు పూరింపుము. ‘పూరింపుము’ అని బడి బయట ఎవరైనా అనగా విన్న పిల్లవాడు ఉంటే చెప్పాలి.

భాష నేర్పడానికి కంప్యూటరును వాడడం కొత్త ముచ్చట కాదు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ బృందం 1960లో ‘ప్లేటో’ అనే యంత్రాన్ని నిలబెట్టింది. తర్వాతి ఏళ్లలో దాని మీద రష్యన్, లాటిన్ లాంటి భాషల పాఠాలు నడిచాయి. యంత్రం ప్రశ్న వేస్తుంది, విద్యార్థి జవాబు కొడతాడు, తప్పయితే యంత్రం మళ్లీ అడుగుతుంది. విసుగన్నది లేని పంతులు. ఇవాళ ఫోనులో భాష నేర్పే యాప్‌లు రంగులు, గంటలు, బహుమతి చుక్కలు తగిలించి చేస్తున్నది కూడా మూలాన ఇదే. పలకరింపులు, అంకెలు, కూరగాయల పేర్లు బట్టీ కొట్టడానికి దీన్ని మించిన సాధనం లేదు. ఆ గడప దాటి వాక్యం దగ్గరికొచ్చేసరికి యంత్రానికి ఊపిరాడదు.

రెండో దారి ఇంగ్లండులో పడింది. దానికి పునాది అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వేసింది. ఆ బ్రౌన్ వేరు, మన బ్రౌన్ దొర వేరు. 1961లో అచ్చయిన ఇంగ్లీషు రాతల నుంచి తలా రెండువేల మాటల చొప్పున 500 ముక్కలు, అంటే మొత్తం పది లక్షల మాటలు కంప్యూటరుకెక్కించారు. తర్వాత బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ అంతకన్నా ఎంతో పెద్ద రాశి పోసి, దాన్నుంచి 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చారు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఆ నిఘంటువులో ఉదాహరణలు సంపాదకుల ఊహలు కావు, జనం వాడిన వాక్యాలు. అదే ఊళ్లో టిమ్ జాన్స్ అనే ఉపాధ్యాయుడు ఇంకో అడుగు వేశారు. ఒక మాట వచ్చిన వాక్యాలన్నీ కంప్యూటరు చేత తీయించి, ఆ మాట నడిమధ్యన వరసగా నిలిచేలా కాగితం మీద అచ్చువేసి విద్యార్థుల ముందు పెట్టేవారు. సూత్రం ఆయన చెప్పరు. వాళ్లే చూసి కనిపెట్టాలి.

ఈ పని తెలుగులో చేస్తే ఎలా ఉంటుందో చూడడానికి ‘పడు’ అన్న ఒక్క క్రియ చాలు. ఇంట్లో, వీధిలో, ఆఫీసులో రోజూ వినబడే వాక్యాలు కొన్ని:

జీతం పడిందా?
రాత్రి వాన పడింది.
పిల్లాడు సైకిలు మీంచి పడ్డాడు.
వంకాయ నాకు పడదు.
అత్తాకోడళ్లకి పడదు.
వాడి చేత ఎన్ని మాటలు పడ్డానో!
ఊరికే కంగారు పడకు.
అక్కడికి వెళ్లడానికి రెండు గంటలు పడుతుంది.

తెలుగు పుట్టుకతో వచ్చినవాడికి ఇందులో వింతేమీ తోచదు. నేర్చుకునేవాడికి మాత్రం ఇదొక అడవి. పడు అంటే కిందికి రావడం అని పుస్తకంలో చదివినవాడు జీతం ఎక్కడి నుంచి కింద పడిందో వెతుక్కుంటాడు. ఈ ఎనిమిది వాక్యాల చోట ఎనభై ఇస్తే ఒక సంగతి కళ్లకు కడుతుంది. ‘నాకు’, ‘కోడళ్లకి’ అని ముందు కు, కి వచ్చి వెనక ‘పడదు’ ఉంటే అది గిట్టకపోవడం. వంకాయైనా సరే, అత్తగారైనా సరే. ఈ సూత్రం ఏ బడి వ్యాకరణంలోనూ రాసి ఉండకపోయినా పదమూడేళ్ల పిల్ల పావుగంటలో పట్టుకోగలదు.

చివరి వాక్యంలో ఇంకో తిరకాసు ఉంది. ‘వాన పడుతుంది’, ‘రెండు గంటలు పడుతుంది’ చూపులకు ఒకటే. భూతకాలంలోకి మారిస్తే గుట్టు బయటపడుతుంది: వాన పడింది, రెండు గంటలు పట్టింది. మొదటిది పడు, రెండోది పట్టు. కంప్యూటరు రెంటినీ ఒకే కుప్పలో పోస్తుంది. విడదీసేది మనిషే. తరగతిలో పంతులు పని తగ్గుతుందని భయపడేవాళ్లు ఇలాంటి కుప్ప ఒకటి ముందు పోసుకుని చూస్తే వాళ్ల భయం పోతుంది.

ఇలాంటి రాశి తెలుగులో లేదా? ఉంది. 1990ల మొదట్లోనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద భారతీయ భాషలకు కార్పస్‌లు కట్టారు. దక్షిణాది భాషల భాగం మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ చూసింది. అవి పరిశోధకుల చేతుల్లోనే ఉండిపోయాయి. బడిపంతులు తన తరగతి కోసం తెరిచి వాడుకునేంత సులువుగా తయారుకాలేదు.

నిఘంటువుల సంగతి కొంత మెరుగు. 1852లో మొదట వచ్చిన బ్రౌన్ నిఘంటువు, 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం పుణ్యాన ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. ఆంధ్రభారతిలో ఒక్క మాట కొడితే సూర్యరాయాంధ్రంతో సహా ఎన్నో కోశాల అర్థాలు ఒకేచోట వచ్చి వాలతాయి. ఒకప్పుడు ఈ సదుపాయం ఉన్న మనిషిని పండితుడనేవారు. ఇప్పుడు ఫోనున్న ఎవరికైనా ఉంది.

అయితే ఈ తలుపు తెలుగు వచ్చినవాళ్లకే తెరుచుకుంటుంది. తెలుగు నేర్చుకుంటున్న ఒరియా అమ్మాయి బస్‌స్టాండులో ‘బస్సు రాలేదు’ అని విని, ఫోనులో ‘రాలేదు’ అని కొట్టిందనుకుందాం. ఆ రూపం నిఘంటువులో దొరకదు. ఊహించి ‘రాలు’ అని కొడితే ఆకులు రాలడం, జుట్టు రాలడం వస్తాయి. అసలు క్రియ ‘వచ్చు’ అని ఆమెకు ఎవరు చెప్పాలి? వచ్చు, రా, రాలేదు, వస్తా, వచ్చాడు అన్నీ ఒకే ఇంటి మనుషులని తెలిస్తే తప్ప నిఘంటువు దగ్గరికే వెళ్లలేదు. ‘చెప్పలేకపోయినందుకు’ అన్నది చూపులకు ఒక్క మాట. విప్పితే చెప్పడం, చేతకాకపోవడం, అది జరిగిపోవడం, దానికి కారణం కావడం, నాలుగూ అందులో ఉన్నాయి. ఇంగ్లీషు వాక్యమంతటి పని తెలుగు మాట ఒక్కటి చేస్తుంది. దానికి తోడు సంధులు. ‘వాడెక్కడున్నాడు’ లో మూడు మాటలున్నాయని విదేశీ విద్యార్థికి చెవికీ తెలియదు, కంటికీ తెలియదు.

ఇక్కడ కంప్యూటరు నిజంగా ఆదుకోగలదు. మాటను విప్పి ధాతువునీ ప్రత్యయాలనీ వేరుచేసే పదవిశ్లేషకాలు తెలుగుకు దశాబ్దాల కిందటే తయారయ్యాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గారపాటి ఉమామహేశ్వరరావు వంటివారు ఈ పని మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు. అనుసారక అనే అనువాద యంత్రంలో తెలుగు నుంచి హిందీకి దారి వేయడానికి అవి పనికొచ్చాయి. అనువాదానికి పనికొచ్చిన ఆ సాధనం నేర్చుకునేవాడి నిఘంటువుకు అతుక్కుంటే, ‘రాలేదు’ అని కొట్టగానే ‘వచ్చు, వ్యతిరేకం, భూతకాలం’ అని తెర మీద పడుతుంది. ఇందుకు కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఉన్న రెంటినీ కలిపేవాళ్లు కావాలి.

లిపి విషయంలో మాత్రం పోరాటం చాలావరకు గెలిచినట్టే. 1991లో వచ్చిన మొట్టమొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 గళ్ల చోటు దక్కింది. అంతకుముందూ ఆ తర్వాత చాలా ఏళ్లూ ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఒక కంప్యూటర్లో రాసింది ఇంకోదాంట్లో పిచ్చిగీతల్లా కనిపించేది. ఆ ఇబ్బంది తీర్చినవాళ్లలో జీతం కోసం చేసినవాళ్లు తక్కువ. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ పద్ధతి పెట్టారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు కొబ్బరికాయ కొట్టిన వెన్న నాగార్జునే పత్రికల ఫాంటులను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను తయారుచేశారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చారు. ఇవాళ తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి.

మీటల పలకను బోధన సాధనంగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. 1986లో ప్రభుత్వం ఖాయం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు దాదాపు అన్నీ ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. క ఉన్న మీటనే షిఫ్టు పట్టి నొక్కితే ఖ. గ మీద ఘ. అంటే వర్ణమాల పంక్తులే వేళ్ల కింద పరిచినట్టు. హిందీకీ ఇదే అమరిక. ‘లక్ష్మి’ అని కొట్టించి చూడండి. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. యంత్రంలోకి వెళ్లేవి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వెనక్కి ఒక్కొక్కటే చెరుపుకుంటూ వస్తే లక్ష్మి లక్ష్మ అవుతుంది, మ పోతుంది, ఆ తర్వాత లక్ష. సంయుక్తాక్షరం ఎలా కట్టుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నల్లబల్ల మీద కుదరదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతిలో ఈ లాభం కొంత పోతుంది గానీ అందులోనూ ఒక చమత్కారం ఉంది. చిన్న ఎన్‌కి న, పెద్ద ఎన్‌కి ణ. చిన్న ఎల్‌కి ల, పెద్ద ఎల్‌కి ళ. ణ, ళ సరిగా పలకని పిల్లలు కూడా ఏది ఎక్కడ రాయాలో మీట పుణ్యాన నేర్చుకుంటున్నారు. మొత్తానికే తెలుగు లిపి వదిలేసి ‘ఏం చేస్తున్నావ్’ అన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో వాట్సాప్ చేసుకునే తరం సంగతి వేరు. వాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్లు మాట్లాడుతున్నది తెలుగే.

ఉచ్చారణ దగ్గర లిపి మోసం చేస్తుంది. ‘చెట్టు’లోని చ, ‘చాప’లోని చ ఒకటి కావు. రెండోదానిలో నాలుక పళ్ల వెనక్కి చేరుతుంది. తెలుగు పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, నోటికే తెలుసు. డల్లాసులో పుట్టిన పిల్లకు చెప్పాలి. ఈ తేడా చూపే ౘ, ౙ అక్షరాలను బ్రౌన్ తన నిఘంటువులో వాడాడు. ఆ అక్షరాలు యూనికోడ్‌లో చేరడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది. చేరాక కూడా పరాయివాళ్ల కోసం రాసే వాచకాల్లో వాటిని వాడేవాళ్లు అరుదు. దొరల కోసం బ్రౌన్ పడ్డ శ్రద్ధ మన మనవల కోసం మనం పడితే తప్పేమీ కాదు.

ఒత్తుల కష్టం ఇంకొకటి. ఇంగ్లీషు చెవికి అటు, అట్టు ఒకటే. ‘అట్టు తిను’ అనబోయి ‘అటు తిను’ అనే పిల్లలను చూసి ఇంట్లో నవ్వుకుంటారు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ‘ప్రాట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఈ రెండు మాటలూ దానికి వినిపిస్తే ధ్వని బొమ్మగా తెర మీద కనబడుతుంది. ట దగ్గర గాలి ఆగిన క్షణం ఖాళీగా తేలుతుంది. అటులో ఆ ఖాళీ చిన్నది, అట్టులో బాగా సాగి ఉంటుంది. పిల్ల తన గొంతు బొమ్మను అమ్మమ్మ గొంతు బొమ్మ కింద పెట్టి, ఖాళీ సరిపోయేదాకా అట్టు అట్టు అంటూ పోవచ్చు. ‘గట్టిగా పలుకు’ అని కోప్పడడం కన్నా ఇది నయం. చెవికి అందనిది కంటికి అందుతోంది మరి.

విదేశాల్లో తెలుగు నేర్పే ప్రయత్నాల్లో కాలిఫోర్నియాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి పెద్దది. వారాంతపు తరగతులు, ఇంటర్నెట్ పాఠాలు, పరీక్షలు ఒక క్రమంలో నడుస్తున్నాయి. దాన్ని తక్కువ చేయకుండానే ఒక మాట చెప్పుకోవచ్చు. ఆ పిల్లలకు దొరికే అత్యుత్తమ భాషా ప్రయోగశాల ఆదివారం పొద్దున అమ్మమ్మకు చేసే వీడియో కాల్. అక్కడ మాటకు పని ఉంటుంది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, మనవరాలికి బడి కబురు చెప్పాలని ఆత్రం. ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అన్నది మార్కుల సమస్య కాదు, మర్యాద సమస్య. చివర్లో ‘వెళ్తాను’ అని ఫోను పెట్టేయబోతే ‘వెళ్లొస్తాను అనాలమ్మా’ అని అవతలి నుంచి దిద్దుబాటు వస్తుంది. ఏ యాప్‌లోనూ ఆ పాఠం లేదు. పంతులు చేయాల్సిందల్లా ఆ కాల్‌కు ముందు ఒక పని అప్పగించడం: ‘అమ్మమ్మ పెళ్లి ఎలా జరిగిందో కనుక్కుని రా’.

తెలుగు రాని పిల్లలకు తెలుగు నేర్పాల్సిన అవసరం అమెరికాకే పరిమితం కాదు. తెలంగాణలో 2018 నాటి చట్టంతో అన్ని బోర్డుల బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది. మాతృభాష తెలుగు కాని పిల్లలు ఎక్కువమంది చదివే సీబీఎస్ఈ తదితర బడుల్లో తొమ్మిది, పది తరగతులకు ‘సింగిడి’ బదులు సులువైన ‘వెన్నెల’ వాచకం వాడమని ప్రభుత్వం 2025లో చెప్పింది. మంచి పని. కానీ సులువైన పుస్తకం అంటే చిన్న పద్యాల పుస్తకం కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి ‘రాలేదు’, ‘పడదు’ ముందు కావాలి, అలంకారాలు తర్వాత.

ఆంధ్రలో ఇంకో పాఠం ఉంది. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు వేసి, ఆ భాష నుంచి మెల్లగా తెలుగులోకి తీసుకొచ్చే ఏర్పాటు చేసింది. అందులో సవర ఉంది. నూరేళ్ల కింద గిడుగు అడిగింది అదే. సవర కోసం 1936లో పుట్టిన సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్ చోటిచ్చింది. లిపి ఫోనులోకి వచ్చింది, పాఠం మాత్రం ఇంకా రాలేదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక తెలుగు పంతులు అవసరమా అని. యంత్రం ఇప్పుడు తెలుగులో వ్యాసం రాస్తుంది, తప్పు దిద్దుతుంది, అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు. భాష నేర్చుకునేవాడికి సిగ్గు పెద్ద శత్రువు, యంత్రం ముందు ఆ సిగ్గు ఉండదు. ఇది చిన్న మేలు కాదు.

కానీ అది మాట్లాడే తెలుగు ఎక్కడిది? ఇంటర్నెట్‌లో దొరికినది. అక్కడ తెలుగు వాటా ఒక శాతం కూడా లేదు. ఉన్నదానిలో సినిమా కబుర్లు, ఇంగ్లీషు నుంచి దిగుమతైన రాతలు బోలెడు. అందుకే పలకరించమంటే యంత్రం ‘మీరు ఎలా ఉన్నారు?’ అంటుంది. మనం ‘బాగున్నారా?’ అంటాం, మధ్యాహ్నమైతే ‘భోంచేశారా?’ అంటాం. ఇంగ్లీషులో ‘మేము’కీ ‘మనం’కీ ఒకటే మాట గనక, సినిమాకు వెళ్లే సంగతి ఇంగ్లీషు నుంచి తెలుగు చేయమంటే ఎదుటివాడిని కలుపుకోవాలో వద్దో యంత్రం తనకు తోచినట్టు తేల్చేస్తుంది. ఆ ఒక్క మాట తేడాతో చుట్టం సినిమాకు బయల్దేరడమో, చిన్నబుచ్చుకుని కూర్చోవడమో జరుగుతుంది. కోనసీమ, పాలమూరు, చిత్తూరు మాటలు దానికి ఇంకా అరకొరగానే తెలుసు. అచ్చులో లేనిది దానికి అందలేదు. అంటే మళ్లీ పాత కథే. ఒకప్పుడు పుస్తకంలో లేని తెలుగు తెలుగే కాదన్నారు. ఇప్పుడు యంత్రంలో లేని తెలుగుకు ఆ గతి పట్టే ప్రమాదం ఉంది.

తప్పు యంత్రానిది కాదు, మేత వేసినవాళ్లది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం కోసం రైతుల దగ్గరికి వెళ్లి వ్యవసాయపు మాటలు సేకరించారు. అప్పుడు టేపు రికార్డరు అపురూపం. ఇప్పుడు ప్రతి ఇంట్లో అంతకన్నా మంచి యంత్రం ఉంది. 2022 జూలైలో మొదలైన ‘భాషిణి’ వంటి పథకాలు భారతీయ భాషల గొంతులు సేకరిస్తున్నాయి. అవి పెద్ద సంస్థలు చేసే పనులు. బడి చేయగల పని వేరే ఉంది.

కాబట్టి తెలుగు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేశాక వక్తృత్వ పోటీ పెట్టకండి, ఈ ఒక్క ఏడాదికి. పిల్లలను ఇంటికి పంపి, నాయనమ్మ చేతో మేనమామ చేతో ఒక్క నిమిషం మాట్లాడించి ఫోనులో పట్టుకురమ్మనండి. ఆవకాయ కలపడం, నాట్లు వేయడం, ఆటో ఇంజను విప్పడం, ఏదైనా సరే. ముందు వాళ్ల అనుమతి అడగమనండి. మర్నాడు తరగతిలో విని, విన్నది విన్నట్టు రాయించండి, దిద్దకండి. నలభైమంది ఉన్న తరగతిలో నలభై నిమిషాల తెలుగు చేతికొస్తుంది. దాన్ని కంప్యూటర్లో పెట్టి ‘పడు’ ఎన్నిసార్లు వచ్చిందో, ఎలా వచ్చిందో వాళ్లచేతే వెతికించండి. ప్రతి రికార్డింగు పక్కనా ఊరి పేరు, మాట్లాడినవారి వయసు రాసిపెట్టడం మరిచిపోకండి.